జర్మనీ ఎన్నికలు: ఏఎఫ్‌డీకి ఓటేసినవాళ్లను ఏమనాలి?

తార్నాక_టు_కెమ్నిట్జ్ | 24 ఫిబ్రవరి 2025, ఉదయం 8:12

నిన్నటి ఫలితాలు అందరూ చూసే ఉంటారు. వలసలని వ్యతిరేకించే రైట్‌వింగ్ పార్టీ ఏఎఫ్‌డీకి దేశం మొత్తం మీద 20.8 శాతం, రెండో స్థానం. 2021లో 10.3 ఉండేది. మా సాక్సనీ రాష్ట్రంలో అయితే 37 శాతం దాటి మొదటి స్థానం. మా కెమ్నిట్జ్ నియోజకవర్గంలో గెలిచింది అలెగ్జాండర్ గౌలాండ్. వెయ్యేళ్ల జర్మన్ చరిత్రలో హిట్లర్, నాజీల కాలం ఒక పిట్ట రెట్ట మాత్రమే అని 2018లో అన్న పెద్దమనిషి ఈయనే.

ఈ ఏడాది యూరప్ సాంస్కృతిక రాజధాని మా ఊరే, అది వేరే కామెడీ. మా ట్రామ్ స్టాప్ దగ్గర ఒకే స్తంభానికి కింద ఆ పండగ బోర్డు, పైన ఏఎఫ్‌డీ నీలం పోస్టర్.

నా రూమ్మేట్ జర్మన్ కుర్రాడు, మంచివాడు. ఏఎఫ్‌డీకి వేయలేదు. కానీ వేసినవాళ్లని ఏమన్నా అంటే ఊరుకోడు. "విసిగిపోయారు పాపం, అది నిరసన ఓటు" అంటాడు. సరే, విసుగు వాళ్లది. రాత్రి లైబ్రరీ నుంచి రావడానికి భయపడేది నేను. ఇందులో ఓటరు బాధ్యత ఏమీ లేదా? ఇక్కడ చాలా ఏళ్లుగా ఉంటున్నవాళ్లు చెప్పండి.

మ్యూనిక్_మిరపకాయ | 24 ఫిబ్రవరి 2025, ఉదయం 9:40

తమ్ముడూ, ముందు టెన్షన్ పడకు. పార్టీ ఎలాంటిదో తర్వాత చూద్దాం, జనం ఎందుకు వేశారో చూడు. ఆగస్టులో జోలింగెన్‌లో కత్తిపోట్లకి ముగ్గురు చనిపోయారు. డిసెంబర్‌లో మాగ్డెబుర్గ్ క్రిస్మస్ మార్కెట్ మీదికి కారు తోలాడొకడు. మొన్న జనవరిలో ఆషాఫెన్‌బుర్గ్ పార్కులో రెండేళ్ల పసివాడిని పొడిచి చంపారు. ఇంత జరిగాక సామాన్యుడు ఎవరికి వేస్తాడు? మిగతా పార్టీలు పదేళ్లుగా ఈ మాట ఎత్తితేనే తప్పన్నట్టు మాట్లాడాయి. ఎత్తినవాడికి ఓటు పోయింది.

మనం వీసా తీసుకుని, టాక్స్ కడుతూ ఉంటున్నవాళ్లం. భారతీయ నిపుణులకి ఏడాదికిచ్చే వీసాలు 20 వేల నుంచి 90 వేలకి పెంచుతామని పోయిన అక్టోబర్‌లో ఈ ప్రభుత్వమే ప్రకటించింది. మన జోలికి ఎవరూ రారు.

రూర్_రాణి | 24 ఫిబ్రవరి 2025, మధ్యాహ్నం 1:05

మిరపకాయ గారూ, "మన జోలికి రారు" అన్న మాట నాకు వారానికోసారి వినబడుతుంది. నేను నర్సుని, ఉండేది గెల్సెన్‌కిర్షెన్‌లో. మా వార్డులో ఒక పెద్దాయన ఉండేవారు, గని కార్మికుడిగా పనిచేసి రిటైరయ్యారు. ఇంజెక్షన్ ఇచ్చేటప్పుడు నా చెయ్యి పట్టుకుని, ఏఎఫ్‌డీకే వేస్తానని ఆయనే చెప్పారు. నేనేమీ అడగలేదు. వెంటనే "నిన్ను కాదమ్మా, మిగతావాళ్లని" అన్నారు. పక్క బెడ్ దగ్గర టర్కీ మూలాలున్న నర్సు ఉంది. ఆవిడకి కూడా ఆయన అదే మాట చెప్పారట. మరి ఆ మిగతావాళ్లు ఎవరో నాకు ఇంతవరకూ కనబడలేదు.

గెల్సెన్‌కిర్షెన్ గురించి తెలియనివాళ్ల కోసం: పశ్చిమ జర్మనీయే. బొగ్గు, ఉక్కు, ఫుట్‌బాల్. దశాబ్దాల పాటు ఎస్‌పీడీ (సోషల్ డెమొక్రాట్లు) కంచుకోట. గనులు పోయాయి, ఉద్యోగాలు పోయాయి, దేశంలోనే నిరుద్యోగం ఎక్కువున్న ఊళ్లలో ఇదొకటి. నిన్న పార్టీ ఓట్లలో ఇక్కడ ఏఎఫ్‌డీ మొదటి స్థానం. ఇదంతా తూర్పువాళ్ల జబ్బు అని చేతులు దులుపుకునేవాళ్లు మా ఊరి లెక్క చూసుకోవాలి.

లెక్కలమాస్టారు | 24 ఫిబ్రవరి 2025, సాయంత్రం 4:31

కొన్ని అంకెలు. పోలింగ్ 82.5 శాతం, జర్మనీ ఏకమయ్యాక ఇంత ఎప్పుడూ లేదు. ఏఎఫ్‌డీకి వచ్చినవి సుమారు కోటి మూడు లక్షల ఓట్లు, 2021లో 48 లక్షలు. కొత్తగా వచ్చినవాటిలో పెద్ద వాటా అంతకుముందు ఓటే వేయనివాళ్లది, సుమారు 18 లక్షలని సర్వే సంస్థ ఇన్‌ఫ్రాటెస్ట్ డిమాప్ అంచనా. కార్మికుల్లో 38 శాతం ఈ పార్టీకే వేశారు.

దీన్ని మనవైపు నుంచి చూడండి. హైదరాబాద్‌లో పోలింగ్ 50 శాతం దాటలేదంటే ప్రతిసారీ తలలు బాదుకుంటాం, "ఓటు వేయడమే బాధ్యత" అని సెల్ఫీలు పెడతాం. ఇక్కడ ఇంట్లో కూర్చున్న జనం లేచి వచ్చారు, వచ్చి వేసింది దీనికి. ఓటు వేయడం, బాధ్యతగా వేయడం ఒకటే అనుకునే అలవాటు మనం మానుకోవాలి.

ఇంకొకటి. వాగెన్‌క్నెష్ట్ పార్టీ బీఎస్‌డబ్ల్యూ పార్లమెంటులోకి రావడానికి కావాల్సిన 5 శాతం గీత దాటలేదు. ప్రాథమిక లెక్క ప్రకారం పదమూడు వేల పైచిలుకు ఓట్ల తేడా. దాటి ఉంటే క్రిస్టియన్ డెమొక్రాట్లు, ఎస్‌పీడీ కలిసినా మెజారిటీ వచ్చేది కాదు. 630 సీట్లలో ఇప్పుడు ఆ రెండిటికీ కలిపి ఉన్నవి 328. ఒక చిన్న పట్టణం జనాభా అంత ఓట్ల మీద ప్రభుత్వం నిలబడింది.

డాలస్_డప్పు | 24 ఫిబ్రవరి 2025, సాయంత్రం 6:02

నచ్చకపోతే ఇండియా వచ్చేయండి బ్రో, సింపుల్. మేమూ అదే మాట వింటున్నాం ఇక్కడ 😂

మోడరేటర్ | 24 ఫిబ్రవరి 2025, సాయంత్రం 6:20

అమెరికా రాజకీయాలకి వేరే దారం (థ్రెడ్) ఉంది. దీంట్లో జర్మనీ వరకే.

డ్రెస్డెన్_దోసె | 24 ఫిబ్రవరి 2025, రాత్రి 9:48

ఏఎఫ్‌డీ ఓటరు ఎలా ఉంటాడో నన్ను అడగండి, మా మామగారే.

మావారిది డ్రెస్డెన్ దగ్గర చిన్న ఊరు. మామగారు బట్టల మిల్లులో మెకానిక్. 1990లో దేశాలు కలిశాక తూర్పు ఫ్యాక్టరీలన్నీ ట్రాయ్‌హాండ్ అనే సంస్థ చేతికి వెళ్లాయి. అమ్మినవి అమ్మారు, చాలావాటికి తాళాలు వేశారు. ఈయన మిల్లుకి తాళం పడింది. నలభై ఏళ్లకే పనికిరానివాడిననిపించుకున్నారు. పిల్లలు పశ్చిమానికి వెళ్లిపోయారు, మావారొక్కరే తిరిగొచ్చారు. ఈ కథ ఆయన చెబుతుంటే నాకూ గొంతు పట్టేస్తుంది. నా కొడుక్కి సైకిల్ నేర్పింది ఆయనే, నేను చేసే పప్పుచారు రెండోసారి వేయించుకుని తినేదీ ఆయనే.

2017లో మొదటిసారి ఏఎఫ్‌డీకి వేశారు. అప్పుడూ సాక్సనీలో అదే మొదటి స్థానం, 27 శాతం. అడిగితే "బెర్లిన్‌లో వాళ్లకి ఒక దెబ్బ పడాలి" అన్నారు. అత్త మీద కోపం దుత్త మీద చూపించినట్టు. ఆ ఏడాది నేను సర్దుకున్నాను. 2021లో మళ్లీ వేశారు, ఈసారి అడగలేదు. నిన్న భోజనాల దగ్గర మావారు అడిగారు: "నాన్నా, వలస వచ్చినవాళ్లని వెనక్కి పంపే 'రీమిగ్రేషన్' అని పార్టీ సభలో వేదిక మీదే చెప్పారు కదా, మీ కోడలు కూడా పోవాలా?" ఆయన తల ఎత్తలేదు. "అవన్నీ చేయరులే" అన్నారు.

అదీ సంగతి. ఎనిమిదేళ్లలో ఆ పార్టీ మాటలు ముదురుతూనే ఉన్నాయి, ఈయన ఓటు మాత్రం మారలేదు. మొదటి ఓటుకి కోపం అనుకోవచ్చు, మూడో ఓటుకి నేను ఆ పేరు పెట్టలేను. ఆయన వార్తలు చదివే మనిషి. తెలిసే వేశారు. ఆయనంటే నాకు ప్రేమ ఉంది కాబట్టే ఆయన్ని అమాయకుణ్ని చేసి మాట్లాడను.

మ్యూనిక్_మిరపకాయ | 24 ఫిబ్రవరి 2025, రాత్రి 10:30

దోసె గారూ, మీ మామగారి విషయం బాధగానే ఉంది. కానీ "అవన్నీ చేయరులే" అన్నది అబద్ధం కాదు. మిగతా పార్టీలన్నీ కలిసి ఏఎఫ్‌డీ చుట్టూ గోడ కట్టాయి, ఎవరూ పొత్తు పెట్టుకోరు. అది అధికారంలోకి రాదని ఓటరుకీ తెలుసు. హెచ్చరిక పంపడానికి అదొక దారి.

తార్నాక_టు_కెమ్నిట్జ్ | 24 ఫిబ్రవరి 2025, రాత్రి 10:52

> హెచ్చరిక పంపడానికి అదొక దారి.

అన్నా, కార్ల్స్‌రూహెలో పోస్టుబాక్సుల్లో వేసిన కాగితం ఫొటో చూశావా? అచ్చం విమానం టికెట్టులా ఉంటుంది. ప్రయాణికుడి పేరు దగ్గర "అక్రమ వలసదారు", తేదీ 23 ఫిబ్రవరి, అంటే పోలింగ్ రోజు. పంచింది అక్కడి ఏఎఫ్‌డీ వాళ్లే, పోలీసులు కేసు కూడా పెట్టారు. మీ ఇంట్లో పదేళ్ల పాప ఉంది కదా. స్కూల్ నుంచి వచ్చి పోస్టు తీసేది తనే అయితే? ఇది అధికారంలోకి రాకముందే జరిగింది.

గోదారిగట్టు | 25 ఫిబ్రవరి 2025, ఉదయం 6:15

బాబూ, నేను రాజమండ్రిలో రిటైరైన చరిత్ర మాస్టారిని. మా అబ్బాయి ఇల్మెనావ్‌లో చదువుతున్నాడు కాబట్టి టూరింగియా వార్తలు రోజూ చూస్తాను. పోయిన సెప్టెంబర్ రాష్ట్ర ఎన్నికల్లో అక్కడ ఏఎఫ్‌డీ 32.8 శాతంతో మొదటి స్థానంలో వచ్చింది. 88 సీట్లలో 32. మూడో వంతు దాటింది కనుక రాజ్యాంగ సవరణలు, రాజ్యాంగ న్యాయమూర్తుల ఎంపిక లాంటివి ఆపగలదు. అధికారంలో లేకపోతే ఏమీ చేయలేరన్న మాట అక్కడే తప్పిపోయింది.

గోడ గురించి మాట్లాడారు కనుక చెబుతాను. నాజీలకి మొట్టమొదటి మంత్రి పదవి దొరికింది కూడా టూరింగియాలోనే, 1930 జనవరిలో. పేరు విల్‌హెల్మ్ ఫ్రిక్. అప్పుడు వాళ్లు అక్కడ చిన్న పార్టీ. మెజారిటీ కోసం మిగతా సంప్రదాయ పార్టీలు పిలిచి కుర్చీ వేశాయి. 1932 నవంబర్‌లో జరిగిన జాతీయ ఎన్నికల్లో నాజీలకి వచ్చింది 33 శాతం, జూలైలో వచ్చినదానికంటే తక్కువ. తగ్గుముఖం పట్టిన పార్టీ నాయకుణ్ని మూడు నెలలు తిరక్కుండానే అధ్యక్షుడు హిండెన్‌బుర్గ్ ఛాన్సలర్‌ని చేశాడు. "మేం అదుపులో పెడతాం" అని నచ్చజెప్పినవాడు మాజీ ఛాన్సలర్ ఫాన్ పాపెన్.

అందుకని బాధ్యత అంతా ఓటరు మీదే వేస్తే నేను ఒప్పుకోను. ఓటు వేసినవాడిది ఒక వంతు. తలుపు తీసినవాడిది అంతకంటే పెద్ద వంతు. మొన్న జనవరి 29న పార్లమెంటు బుండెస్టాగ్‌లో క్రిస్టియన్ డెమొక్రాట్ల నాయకుడు మెర్జ్ గారు తెచ్చిన వలస తీర్మానం ఏఎఫ్‌డీ ఓట్లతోనే కదా గట్టెక్కింది! ఆ వారం వీధుల్లోకి వచ్చిన లక్షల మంది కూడా జర్మన్ ఓటర్లే, వాళ్లని మరిచిపోకండి.

డ్రెస్డెన్_దోసె | 25 ఫిబ్రవరి 2025, ఉదయం 7:40

మాస్టారూ నమస్కారం. మీరు చెప్పింది నిజమే కానీ ఒక్క మాట. తలుపు తీసినవాడు ఎవరి భయంతో తీశాడు? బయట నిలబడ్డ గుంపు పెరిగిందని కదా. జనవరిలో మెర్జ్ చూసింది మా మామగారి లాంటివాళ్ల ఓట్లే.

నెకార్_ఒడ్డు | 25 ఫిబ్రవరి 2025, సాయంత్రం 7:25

స్టుట్‌గార్ట్ నుంచి. పదిహేనేళ్లుగా ఇక్కడే. 2023లో భారత పాస్‌పోర్టు ఇచ్చేసి పౌరసత్వం తీసుకున్నాను, మొన్నటిది నా మొదటి జాతీయ ఎన్నిక. ఓటేయడంతో ఆగకుండా పోలింగ్ సిబ్బందిలో చేరాను. అది ఉద్యోగం కాదు, మామూలు ఓటర్లే పేరిచ్చి వస్తారు, కాఫీ ఖర్చులకి కాస్త డబ్బిస్తారు.

స్కూలు తరగతి గది, చిన్నపిల్లల బల్లలు. ఒకే కాగితం మీద రెండు ఓట్లు: ఎడమ వైపు నల్ల అక్షరాల్లో అభ్యర్థికి, కుడి వైపు నీలం అక్షరాల్లో పార్టీకి. వేలికి ఇంకు లేదు, మెషీన్ లేదు. సాయంత్రం ఆరింటికి పెట్టె బోర్లించి కాగితాలు విప్పి కుప్పలు పెట్టాం. నా పక్కన ఒక ముసలావిడ, గ్రీన్ పార్టీ ఆవిడని తర్వాత తెలిసింది. ఏఎఫ్‌డీ దొంతర ఆవిడ ముందే పెరుగుతోంది. అంచులు సరిచేస్తూ, ఒక్కో కాగితం పైకి చూపించి, గట్టిగా చదివి పెట్టింది. ఒక ఓటు మీద గీత కొంచెం గడి దాటింది. చెల్లదని పక్కన పెట్టేయొచ్చు కదా అనిపించింది నాకు. ఆవిడే "ఉద్దేశం స్పష్టంగా ఉంది, చెల్లుతుంది" అని ఏఎఫ్‌డీ కుప్పలో పెట్టింది.

ఓటరు బాధ్యత అంటే నాకు ఆవిడ గుర్తొస్తుంది. ఆ ఓటుని గౌరవించింది, ఆ పార్టీని కాదు. దోసె గారు మామగారితో చేస్తున్నదీ అదే అనుకుంటాను. నిరసన అని కొట్టిపారేస్తే ఆయన చెప్పింది విననట్టే.

ఇంకో సంగతి చాలామందికి తెలియదు. లెక్కింపు బహిరంగం. పౌరసత్వం అక్కర్లేదు, ఎవరైనా లోపలికొచ్చి నిలబడి చూడొచ్చు. మా గదికి ఎవరూ రాలేదు.

మ్యూనిక్_మిరపకాయ | 25 ఫిబ్రవరి 2025, రాత్రి 8:10

బాగుంది సర్. మరి మన సంగతి? పోయినేడాది మే 13న ఆంధ్ర ఎన్నికలకి మా ఆఫీసు నుంచే ఎంతమంది లీవు పెట్టి టికెట్లు కొన్నారో! ఎన్నారై ఓటరు అయినా ఊరికెళ్లి బూత్‌లో నిలబడే వేయాలి కదా. వెళ్లినవాళ్లు కులం చూసి వేశారా, అభ్యర్థిని చూసి వేశారా? ఊళ్లో ఓటుకి నోటు తీసుకున్న చుట్టాన్ని "పాపం, పేదరికం" అంటాం. జర్మన్ కార్మికుడు కోపంతో వేస్తే ఫాసిస్టు అంటాం. కొలబద్ద ఒకటే ఉండాలి.

రూర్_రాణి | 25 ఫిబ్రవరి 2025, రాత్రి 9:33

ఒకటే పెట్టండి, నాకేం అభ్యంతరం లేదు. డబ్బు తీసుకుని వేసిన మా బాబాయిని కూడా నేను అడిగాను. "ఇద్దరి దగ్గరా తీసుకున్నా, నచ్చినోడికే వేశా" అన్నాడు. తప్పే, తప్పని చెప్పాను. కానీ ఆ ఓటు వల్ల పక్కింటివాళ్లు దేశం విడిచిపోవాలా అన్న ప్రశ్న పుట్టలేదు. తేడా ఉంది అన్నా.

లెక్కలమాస్టారు | 25 ఫిబ్రవరి 2025, రాత్రి 10:05

మిరపకాయ గారి మొదటి పోస్టుకి ఒక చేర్పు. మాగ్డెబుర్గ్‌లో కారు తోలినవాడు సౌదీ నుంచి వచ్చిన డాక్టర్, సోషల్ మీడియాలో ఇస్లాంని తిడుతూ ఏఎఫ్‌డీని మెచ్చుకున్న మనిషి. గాయపడ్డవాళ్లలో ఏడుగురు భారతీయులున్నారు. మనవాళ్లు చాలామంది చదివే ఊరు అది. ఆ సంఘటన పేరు చెప్పి ఏఎఫ్‌డీకి వేసినవాళ్లు కనీసం ఇది తెలుసుకుని వేయాల్సింది.

తార్నాక_టు_కెమ్నిట్జ్ | 8 మే 2025, సాయంత్రం 5:50

దారం పైకి తెస్తున్నా, క్షమించండి. ఈ నెల 2న దేశ నిఘా సంస్థ ఏఎఫ్‌డీని "నిర్ధారిత రైట్‌వింగ్ తీవ్రవాద" పార్టీగా ప్రకటించింది. పార్టీ కోర్టుకెళ్లింది. ఇవాళ ఆ సంస్థే, కోర్టు తేల్చేదాకా ఆ పేరు వాడబోమని చెప్పి ఆపేసింది. మొన్న 6న పార్లమెంటులో ఛాన్సలర్ ఎన్నికలో మెర్జ్ మొదటి ఓటింగ్‌లో ఓడిపోయాడు. 316 కావాలి, వచ్చినవి 310. రెండోసారి గెలిచాడు. సొంత కూటమి వాళ్లే 18 మంది ఎగ్గొట్టారు, రహస్య ఓటు కాబట్టి ఎవరో తెలియదు. ఎన్నికైన ఎంపీలే పేరు చెప్పుకోకుండా నిరసన ఓటేస్తే, ఇక మామూలు ఓటర్లకి బాధ్యత గురించి ఎవరు చెబుతారు?

గోదారిగట్టు | 9 మే 2025, ఉదయం 6:02

పార్టీని నిషేధించాలని మా అబ్బాయి వాదిస్తున్నాడు. నిషేధిస్తే పార్టీ పోతుందేమో, కోటి మంది ఎక్కడికీ పోరు కదరా అన్నాను. ఫోన్ పెట్టేశాడు. మళ్లీ తనే చేశాడు, డబ్బులు పంపమని.

రూర్_రాణి | 29 సెప్టెంబర్ 2025, రాత్రి 8:44

మా ఊరి సంగతి చెప్పడానికి వచ్చాను. 14న ఇక్కడ స్థానిక ఎన్నికలు జరిగాయి. రాష్ట్రం మొత్తం మీద ఏఎఫ్‌డీకి 14.5 శాతం, 2020లో 5 ఉండేది. గెల్సెన్‌కిర్షెన్, డూయిస్‌బుర్గ్, హాగెన్ మేయర్ పోటీల్లో రెండో రౌండ్ దాకా వచ్చింది. నిన్న మూడు చోట్లా ఓడిపోయింది. మాకు ఎస్‌పీడీ ఆండ్రేయా హెన్జే గెలిచారు.

చూడాల్సింది ఏంటంటే, మా మెట్ల కింద ఇంట్లో ఉండే దంపతులు జన్మలో ఎస్‌పీడీకి వేయని మనుషులు, పక్కా క్రిస్టియన్ డెమొక్రాట్లు. ఆదివారం వాన పడుతుంటే గొడుగేసుకుని వెళ్లి హెన్జేకి వేసొచ్చారు. వచ్చి నా తలుపు కొట్టి మరీ చెప్పారు, మొహం వేపకాయ తిన్నట్టు పెట్టుకుని. యూరోపియన్ యూనియన్ పౌరులకి స్థానిక ఎన్నికల్లో ఓటుంటుంది కాబట్టి పై అంతస్తు రొమేనియా అమ్మాయి కూడా వేసింది. బిల్డింగ్‌లో ఓటు లేనిదాన్ని నేనూ, సిరియా కుటుంబమూ.

ఆ పెద్దాయన మళ్లీ వార్డుకి వచ్చారు. ఎవరికి వేశారని ఈసారి నేనే అడిగాను. "వేయలేదు, నడుం నొప్పి" అన్నారు. పోస్టులో వేయొచ్చు కదా అన్నాను. నవ్వారు.

మ్యూనిక్_మిరపకాయ | 29 సెప్టెంబర్ 2025, రాత్రి 9:20

గెలిచింది మంచిదే. కానీ రాణీ, అందరూ ఒకవైపు నిలబడి ఓడించడం ఎన్నిసార్లు కుదురుతుంది? ఆ ఊళ్లో ఉద్యోగాలు రాకపోతే ఐదేళ్లకి ఏమవుతుందో రాసిపెట్టుకో.

రూర్_రాణి | 29 సెప్టెంబర్ 2025, రాత్రి 9:31

రాసుకున్నా. ఉద్యోగాల మాట నేను కాదనలేదు, ఎప్పుడూ.

తార్నాక_టు_కెమ్నిట్జ్ | 29 సెప్టెంబర్ 2025, రాత్రి 10:15

వచ్చే ఏడాది సెప్టెంబర్ 6న సాక్సనీ-ఆన్‌హాల్ట్ రాష్ట్ర ఎన్నికలు. నాకు ఉద్యోగం మాగ్డెబుర్గ్‌లో వచ్చింది, అప్పటికి అక్కడే ఉంటాను. నెకార్ అన్నా, లెక్కింపు చూడటానికి నిజంగా ఎవరినీ అడగక్కర్లేదా? పాస్‌పోర్టు చూపించమంటే?

నెకార్_ఒడ్డు | 29 సెప్టెంబర్ 2025, రాత్రి 11:02

అడగరు. ఆరింటికి ఐదు నిమిషాల ముందు ఏ పోలింగ్ గదికైనా వెళ్లి వెనక నిలబడు. కాగితాలు ముట్టుకోకు, ఫొటోలు తీయకు. ఎక్కువసేపు పడుతుంది, తినడానికి ఏమైనా పట్టుకెళ్లు.